వంటింట్లో అడగని ప్రశ్న

కిందటివారం ఈ శీర్షికలో నన్ను నేనే ఆసుపత్రి మెట్ల మీద నిలబెట్టి మీ దగ్గర సెలవు తీసుకున్నాను. చేతిలో సంచీ, సంచీలో నలభైమూడు సర్వే కాగితాల నకళ్ళు, మెడలో తీయటం మర్చిపోయిన కొలతల టేపు. ఒక చెయ్యి మాత్రమే కుట్టిన చొక్కాని మిషను మీద అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చాను. ఆ మధ్యాహ్నం రెండు కబుర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది మున్సిపాలిటీ నుంచి. లేనివాళ్ళకి మధ్యాహ్నం ఉచితంగా భోజనం పెట్టే మా పేట వంటశాల మూసేస్తున్నారట. మా పేటలో తిండిలేక పూట మానినవాళ్ళు ఒక్క ఇంట్లో కూడా లేరని సర్వేలో తేలిందట. రెండోది లాండ్రీ నుంచి. దుప్పట్లు మడతపెడుతూ పెడుతూ మా అక్క కిందపడిపోయిందట.

ఆ సర్వే చేసింది ఎవరో కొత్తగా చదివేవాళ్ళకి తెలీదు కాబట్టి చెప్పేస్తాను. నేనే. నగరంలో ఎవరికి ఏం పెట్టాలో, ఎక్కడ పెట్టాలో ఆఫీసులో కూర్చుని తేల్చటం కాదు, అక్కడ ఉండేవాళ్ళనే అడగాలని మున్సిపాలిటీ పెద్దవాళ్ళకి బుద్ధి పుట్టింది. పేటకొకరిని సర్వే కమిటీలో సభ్యులుగా వేశారు. మా పేటకి నన్ను వేశారు. బట్టలు కుట్టే మనిషి కదా, అందరి ఇళ్ళకీ వెళ్తుంది, అందరి కొలతలూ తెలుసు అనుకున్నారు కాబోలు. నాలుగు సాయంత్రాల్లో నలభైమూడు ఇళ్ళు తిరిగి కాగితాలు అప్పజెప్పాను. అందరికంటే ముందు ముగించానని మున్సిపాలిటీ మేడమ్ నన్ను పిలిచి మరీ మెచ్చుకుంది. ఆ మెప్పు వారం రోజులు నేల మీద కాలు ఆననివ్వలేదు నన్ను.

ఆడవాళ్ళ వార్డు మొదటి అంతస్తులో ఉంది. కిటికీ పక్క మంచం మీద అక్క కళ్ళు మూసుకుని పడుకుంది. చేతికి సెలైన్ పెట్టారు. లాండ్రీ వాళ్ళిచ్చిన నీలం కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. ఆ కోటు నేనే కుట్టాను, రెండేళ్ళ కిందట. అప్పుడు ఒంటికి అతికినట్టు ఉండేది. ఇప్పుడు అందులో ఇంకో మనిషి పట్టేట్టుంది. అందరి కొలతలూ తెలిసిన దాన్ని, సొంత అక్క ఒళ్ళు ఎప్పుడు తగ్గిందో చూడలేదు.

నర్సు నన్ను పక్కకి పిలిచి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

"మీరేనా చెల్లెలు? ఈవిడ తిండి మానేసి ఎన్నాళ్ళయింది?" అంది డాక్టరమ్మ.

"మానెయ్యటం ఏంటండీ? రోజూ మధ్యాహ్నం మా పేట వంటశాలలో భోంచేస్తుంది. రాత్రికి ఇంట్లో వండుకుంటారు."

"అలా అని ఎవరు చెప్పారు మీకు?"

ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసని నేనే అనుకున్నాను.

"ఒంట్లో రక్తం లేదు, కండ లేదు. ఇది వేడికి కళ్ళు తిరిగి పడిపోవటం కాదమ్మా. ఏడాది బట్టీ సగం కడుపుతో బతుకుతున్న మనిషి ఈవిడ. గుండె కూడా నీరసపడింది. ఇంకో నెల ఇలాగే నడిస్తే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు," అంది. తిట్టినట్టు కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

మంచం దగ్గరికి తిరిగి వచ్చేసరికి అక్క కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది.

"అలా మొహం పెట్టకే చిట్టీ. పక్క మంచాల వాళ్ళు నేను పోయాననుకుంటారు," అంది.

నాకు నోరెక్కువని మా ఆయన అంటాడు. నిజమే. ఏడుపొస్తే నాకు ముందు కోపం వస్తుంది.

"పోయేదానివే! ఏం తింటున్నావు నువ్వు? నిజం చెప్పు. పొద్దున ఏం తిన్నావు?"

"టీ తాగాను."

"నిన్న?"

"నిన్న కూడా తాగానులే. అరవకు, వార్డంతా వింటోంది."

సంచీలోంచి కాగితాల కట్ట తీశాను. పంతొమ్మిదో నంబరు ఇంటి కాగితం పైకి లాగి ఆమె మొహం ముందు పెట్టాను. "ఇదిగో చూడు. ఇంట్లో ఇద్దరు. గత నెలలో తిండిలేక పూట మానినవారు, లేరు. నా చేతిరాతే. మరి నాకెందుకు అబద్ధం చెప్పావు? నీ చెల్లెలికి కూడా చెప్పలేకపోయావా?"

అక్క ఆ కాగితాన్ని చేత్తో పక్కకి జరిపింది.

"నేనెక్కడ చెప్పానే? నన్నెవరడిగారు?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి బావ ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాడు. రావమ్మా మరదలా, మున్సిపాలిటీ వారు మా ఇంటికి వచ్చారే అని నవ్వుతూ లేవబోయాడు. నేను కూర్చుని, పెన్ను తీసి, ప్రశ్న చదివి, ఆయన చెప్పింది రాసుకున్నాను. "ఈ ఇంట్లో పూట మానటమా? మీ అక్క ఉండగానా?" అన్నాడాయన. నేనూ నవ్వాను. అక్క వంటింట్లో ఉంది. పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న చప్పుడు, ఉల్లిపాయ వేగుతున్న వాసన. ఇంకా ఆరిళ్ళున్నాయి, వస్తానక్కా అని ముందుగదిలోంచే కేకేసి వచ్చేశాను.

"అదేంటి మరి? ఆ రోజు వండుతున్నావు కదా. నా చెవులతో విన్నాను."

"నీళ్ళు మరిగిస్తున్నాను," అంది అక్క.

ఆ తర్వాత ఆమె చెప్పిందంతా పైకప్పు వైపు చూస్తూనే చెప్పింది. మధ్యాహ్నం లాండ్రీ నుంచి వంటశాలకి వెళ్తుంది. టోకెనుకి ఒక్క కంచం. అక్కడే కూర్చుని తినాలి, బయటికి పట్టుకెళ్ళకూడదు. ఆ కంచాన్ని మూల బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, రెండు ముద్దలు తిని, మిగిలింది ఒళ్ళో పెట్టుకున్న డబ్బాలోకి సర్దేస్తుంది. వంటమేస్త్రీ చూసి కూడా అటు తిరిగి గిన్నెలు లెక్కపెట్టుకుంటాడు. సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, ఖాళీ గిన్నెలో నీళ్ళు మరిగించి, మూత చప్పుడు చేసి, చివర్న ఒక ఉల్లిపాయ వేయించి డబ్బాలోని కూరలో కలిపి వేడిచేస్తుంది. లేకపోతే వంటశాల వాసన వస్తుందట. బావ రాత్రికి కొంత తిని, మిగిలింది పొద్దున తింటాడు. నువ్వూ తినవే అంటే, వండుతూ వండుతూ తినేశానండీ అంటుంది.

"ఆదివారం మాత్రం నిజంగానే వండుతాను. ఆ రోజు ఇద్దరం తింటాం," అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

"ఏడాదిగానా?"

"ఏడాదీ రెండు నెలలు. జీతం అద్దెకీ ఆయన మందులకీ సరిపోతోంది. ఇంక దేన్లో తగ్గించను చెప్పు? మొన్న ఆయన ఉప్పు కాస్త ఎక్కువైందన్నాడు. మర్నాడు వెళ్ళి వంటమేస్త్రీని కోప్పడ్డాను." అలా చెప్పి నవ్వింది. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది.

నేను నవ్వలేకపోయాను. మంచం పట్టీ పట్టుకుని ఏడ్చాను. నాలుగు వీధుల అవతలే ఉంటాను నేను. వారానికి రెండుసార్లు ఆ ఇంటికి వెళ్తాను. వెళ్ళిన ప్రతిసారీ తిన్నావా అక్కా అంటాను, ఆ అంటుంది, నేను నా గొడవలు మొదలుపెడతాను.

"నాతో చెప్తే ఏమయ్యేది?"

"నీ ముగ్గురు పిల్లల కంచాల్లోంచి తీసి పెట్టేదానివి. నీ సంగతి నాకు తెలీదా?"

గోడ గడియారం మూడు దాటింది. నాలుగింటికి బడి హాల్లో సభ. మూసే ముందు పేటవాళ్ళ మాట ఆఖరుసారి వినాలి కాబట్టి పెట్టారు. నేను కళ్ళు తుడుచుకుని కాగితాలు సంచీలో కుక్కాను.

"సభలో చెప్పేస్తాను. ఈ కాగితం తప్పని చెప్పేస్తాను."

అక్క సెలైన్ చేత్తోనే నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో.

"చెప్పకు. నీకు దణ్ణం పెడతాను. పనిచేసే చోట లిఫ్టు గోతిలో పడ్డప్పుడు ఆయన కాలొక్కటే పోలేదే. పని పోయింది, నలుగురిలో మాట పోయింది. మా ఇంటి పొయ్యి ఆరలేదు అనుకోవటం ఒక్కటే మిగిలింది ఆ మనిషికి. అది కూడా లాక్కుంటావా? తెలిస్తే ఇంక ముద్ద దిగదు ఆయనకి."

"వంటశాల మూసేస్తే ఆ ముద్ద ఎక్కడినుంచి తెస్తావు?"

అక్క నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "చెప్పనని చెప్పు," అంది.

"సరేలే, చెప్పను," అన్నాను. అప్పుడు వదిలింది.

బడి హాలు నిండింది. పిల్లలు కూర్చునే పొట్టి బెంచీల మీద మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా పెద్దవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. ముందు ఒక బల్ల, దాని వెనక మున్సిపాలిటీ మేడమ్. మంచిదే ఆవిడ. నిద్రలేని కళ్ళు, అరిగిన చెప్పులు, పొద్దుటినుంచి ఇది మూడో పేట అంట. వెనక గోడకి ఆనుకుని వంటమేస్త్రీ నిలబడ్డాడు, భుజం మీద తువ్వాలుతో. నన్ను చూసి తల దించుకున్నాడు. అక్క పడిపోయిన కబురు అతనికీ చేరే ఉంటుంది.

"మన నగరంలో ఆరు వంటశాలలే నడపగలం. అడుగుతున్న పేటలు తొమ్మిది," అని మేడమ్ మొదలుపెట్టింది. "ఎక్కడ అవసరం ఎక్కువో మేము ఊహించలేదు, మిమ్మల్నే అడిగాం. ఈ పేటలో నలభైమూడు ఇళ్ళు. పూట మానినవారున్న ఇళ్ళు సున్నా. నిజంగా సంతోషించాల్సిన విషయం. ఎవరైనా మాట్లాడతారా?"

సున్నా అన్న మాట మైకులోంచి వచ్చి నా మొహానికి కొట్టింది. ఎవరూ లేవలేదు. అప్పుడు పక్క తలుపు దగ్గర కర్ర చప్పుడైంది.

బావ. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. చంక కింద కర్ర, దువ్విన జుట్టు. నన్ను చూసి, "మీ అక్క ఎలా ఉంది? లాండ్రీ వేడికి కళ్ళు తిరిగాయట కదా. సాయంత్రానికి పంపించేస్తామన్నారట. ఆ మెట్లు నేనెక్కలేనని ఇటొచ్చాను," అన్నాడు మెల్లిగా. నేను తలూపాను. ఎవరో కుర్చీ ఇవ్వబోతే వద్దని, నిలబడే మైకు అందుకున్నాడు.

"నేను సంపాదించి రెండేళ్ళయిందమ్మా. సిగ్గుపడకుండా చెప్తున్నాను. అయినా మా ఆవిడ నన్ను ఒక్క పూట కూడా పస్తు ఉంచలేదు. పగలంతా లాండ్రీలో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చి, పొయ్యి వెలిగించి, వేడివేడిగా వండి పెడుతుంది. వంటశాల మెతుకు ఈ నోట్లో పడలేదు. గొప్పకి చెప్పటం లేదు. మా ఇంట్లోనే లేని ఆకలి ఈ పేటలో ఇంకెవరింట్లో ఉంటుంది? ఎక్కడో పిల్లలు నిజంగా మాడుతున్న పేట ఉండే ఉంటుంది. ఈ వంటశాల వాళ్ళకి ఇవ్వండి. అదే న్యాయం."

చప్పట్లు కొట్టాల్సిన మాటలు. ఒక్కరూ కొట్టలేదు. మూల బల్ల దగ్గర డబ్బా నింపుకునే అక్కని ఆ హాల్లో సగం మంది ఆడవాళ్ళు రోజూ చూసినవాళ్ళే. అందరూ ఒళ్ళో చేతులు చూసుకుంటున్నారు. వంటమేస్త్రీ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బావ మాత్రం ఆ నిశ్శబ్దాన్ని మర్యాద అనుకున్నాడు. తృప్తిగా కూర్చున్నాడు.

"పేట సభ్యురాలు ఏమైనా చెప్తారా?" అంది మేడమ్.

లేచాను. అక్కకిచ్చిన మాట గుర్తుంది. దాన్ని దాటకుండా ఎంత చెప్పగలనో అంత చెప్దామనుకున్నాను.

"ఆ నలభైమూడు కాగితాలూ తప్పండీ. తప్పు వాళ్ళది కాదు, నాది. పగలు నాకు మిషను పని. అందుకని సాయంత్రాలు వెళ్ళాను. అప్పుడు ఇళ్ళల్లో అందరూ ఉంటారు. ముందుగదిలో కూర్చున్నాను, ముందుగదిలో ఉన్నవాళ్ళనే అడిగాను. మొగుడి ముందు, అత్త ముందు, పక్కింటివాళ్ళ ముందు, మీరు పస్తులున్నారా అని గట్టిగా చదివాను. ఎవరు ఉన్నామంటారు? ఎవరి కంచంలో ఎంత పడుతుందో తెలిసిన మనిషి వంటింట్లో ఉంటే, నేను ఆ గడప దాటలేదు. తొందరగా ముగించాలని తిరిగాను. మీరు మెచ్చుకున్నారు కూడా."

మేడమ్ పెన్ను కింద పెట్టింది. ఆవిడ మొహం మారింది. "నేనూ ఒకింట్లో వండేదాన్నేనమ్మా. మీరు చెప్పింది నాకర్థమైంది. కానీ నేను ఒక్కదాన్నే తేల్చేది కాదిది. మళ్ళీ సర్వే చెయ్యాలంటే ఒక్క కాగితమైనా తప్పని రుజువుండాలి. ఆ ఇంటి పెద్ద సంతకంతో. ఐదింటికి నేను తీర్మానం పంపించెయ్యాలి. ఒక్క ఇల్లు చూపించండి చాలు."

నేను హాలంతా కలయజూశాను. మూలింటి ఇల్లాలు, మొన్న పాత చొక్కా విప్పదీసి పిల్లాడికి కుట్టమన్న మనిషి, సగం లేచింది. పక్కనున్న అత్తగారు తల తిప్పి చూసింది. కూర్చుండిపోయింది. ఇంకెవరూ కదల్లేదు. గడియారంలో నాలుగూ నలభై. ఒక్కరు లేస్తే చాలు, అక్కకిచ్చిన మాట నిలబెట్టుకున్నదాన్నవుతాను. ఒక్కరు లేవండమ్మా అని మనసులో ఎంత మొక్కానో.

బావ లేచాడు.

"మరదలా, నాకు తెలీక ఏదో వాగాను. నిజంగా అలాంటి ఇల్లుంటే చెప్పమ్మా. సిగ్గుపడి సంతకం పెట్టకపోతే నేను వెళ్ళి బతిమాలతాను. అందాకా మన ఇంట్లోంచి ఓ ముద్ద పట్టుకెళ్ళి ఇస్తుంది మీ అక్క. అదేం కాదనదు. ఏ ఇల్లు?"

ఆ మాటకి నాలో పట్టి ఉంచిందేదో తెగిపోయింది. ఆయన ఎగతాళి చేసుంటే, కోప్పడుంటే, నోరు మూసుకుని ఉండేదాన్ని. ఆయన మంచితనమే నా నోరు తెరిపించింది. అక్కా, నన్ను క్షమించు.

"పంతొమ్మిది బావా."

"పంతొమ్మిది మన ఇల్లు కదే," అని నవ్వాడు. నేను నవ్వలేదు. హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆయన ఒక్కొక్క మొహమే చూసుకుంటూ పోయి వంటమేస్త్రీ దగ్గర ఆగాడు.

వంటమేస్త్రీ గోడ దగ్గరినుంచి రెండడుగులు ముందుకొచ్చాడు. "రోజూ పన్నెండున్నరకి వచ్చేవారు సార్. డబ్బాలో సర్దుకుని తీసుకెళ్ళేవారు. మీకు చెప్పొద్దన్నారు," అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది దాటింది సార్."

బావ కుర్చీ వీపు పట్టుకున్నాడు. మేడమ్ తనే లేచి వచ్చి, పంతొమ్మిదో నంబరు కాగితం ఆయన ముందు బెంచీ మీద పెట్టి, పెన్ను చేతికిచ్చింది. "ఇక్కడ పెడితే చాలండీ," అంది చిన్నగా. ఆయన వంగి, వేలు దగ్గర పెట్టుకుని ఆ కాగితం చదివాడు. ఇంట్లో ఇద్దరు. పూట మానినవారు, లేరు. పెన్ను కాగితానికి ఆనించాడు. అక్కడే ఆగిపోయాడు.

"ఎన్ని కంచాలు ఇచ్చేవాడివయ్యా?" అన్నాడు తలెత్తకుండానే.

"టోకెనుకి ఒక్కటే సార్. రూలు."

"ఒక్కటేనా?"

"ఒక్కటే సార్."

గడియారం ఐదుకి పది నిమిషాలు చూపిస్తోంది. మేడమ్ గడియారం వైపు చూసి నా వైపు చూసింది. సంతకం పెట్టండి బావా అనాలి నేను. ఆ మాట అనేలోపే బావ పెన్ను వదిలేశాడు. అది దొర్లి బెంచీ కిందికి పడిపోయింది, ఆయన చూడలేదు. నా వైపు తిరిగాడు. ముప్పయ్యేళ్ళుగా చూస్తున్న ఆ మొహాన్ని నేను గుర్తుపట్టలేకపోయాను.

"రాత్రికి నేను తిని, పొద్దున కూడా నేనే తిన్నాను కదమ్మా. మరి అది ఏం తినేది?"